పెళ్ళి తర్వాత పుట్టే ప్రేమ: కథలు నిజంగా చెబుతున్నదేమిటి?

"ముందు పెళ్ళి కానివ్వండి, ప్రేమ అదే వస్తుంది." మన ఇళ్ళలో సంబంధం కుదిరేటప్పుడు ఎవరో ఒక పెద్దాయనో, మేనత్తో తప్పకుండా అనే మాట ఇది. విశ్వాసుల ఇళ్ళలో అయితే దీనికి తోడుగా ఇస్సాకు రిబ్కాల ప్రస్తావన కూడా వస్తుంది. ముఖం చూడకుండా పెళ్ళి చేసుకున్నారు, చక్కగా ప్రేమించుకున్నారు, ఇంకేం కావాలి అని.

ఇదే మాటను కథావస్తువుగా చేసుకుని ఇంగ్లీషులో లెక్కలేనన్ని నవలలు వచ్చాయి. వీటిని చారిత్రక ప్రేమకథలు అంటారు. గుర్రపు బగ్గీల కాలం, కొవ్వొత్తుల వెలుగు, రైలు ఇంకా రాని ఊళ్ళు. అవసరం కోసమో, అప్పు తీర్చడం కోసమో, పెద్దల మాట మీదో ఒక స్త్రీ, ఒక పురుషుడు పెళ్ళి చేసుకుంటారు. మొదటి పేజీల్లో ఒకరికొకరు పరాయివాళ్ళు. చివరి పేజీకి ఒకరు లేకుండా మరొకరు ఉండలేరు. మన సంఘాల్లో ఇంగ్లీషు చదివే యువతులకు, గృహిణులకు ఈ నవలలు కొత్త కాదు. వాటిలో క్రైస్తవ రచయిత్రులు రాసినవీ ఉన్నాయి.

ఈ కథలను తేలిగ్గా తీసిపారేయనక్కర్లేదు. అలాగని పైపైన చదివి, "చూశారా, మేం చెప్పిందే కదా" అనడం కూడా సరికాదు. శ్రద్ధగా చదివితే, వీటిలో మంచివి మన పెద్దల మాటను ఉన్నదున్నట్టు ఒప్పుకోవడం లేదు. పెళ్ళి జరిగితే చాలు, ప్రేమ అదే వస్తుందని అవి చెప్పవు. ఎలాంటి ఇంట్లో, ఎలాంటి నడవడి వల్ల, ఎంత కాలానికి వస్తుందో చెబుతాయి. ఆ షరతులను వదిలేసి ముగింపు మాత్రమే మన పిల్లలకు వినిపిస్తే సగం కథ చెప్పినట్టే.

మొదటి కథ: ఆదికాండము 24

అన్నిటికంటే పాత కథ మన చేతిలోని గ్రంథంలోనే ఉంది. ఆదికాండములో అతి పెద్ద అధ్యాయం 24వది. 67 వచనాలు. సృష్టికి కేటాయించిన చోటు కంటే ఇస్సాకు పెళ్ళి సంబంధానికి కేటాయించిన చోటే ఎక్కువ.

చివరి వచనంలోని వరుస గమనించండి. ఇస్సాకు రిబ్కాను తన తల్లి గుడారంలోకి తీసుకువెళ్ళాడు, ఆమెను పెళ్ళాడాడు, ఆమె అతని భార్య అయింది, ఆ తర్వాత ఆమెను ప్రేమించాడు. భర్త భార్యను ప్రేమించాడని బైబిలు చెప్పడం ఇదే మొదటిసారి. అది పెళ్ళి తర్వాతి మాటగా రావడం మన సంస్కృతికి ఎంతో దగ్గరగా అనిపిస్తుంది.

అయితే అదే అధ్యాయంలో మనం తొందరగా దాటిపోయే వచనాలు కొన్ని ఉన్నాయి. ప్రయాణానికి ముందే అబ్రాహాము దాసుడికి ఒక సందేహం వచ్చింది. ఆ స్త్రీ తనతో రావడానికి ఇష్టపడకపోతే ఏం చెయ్యాలి? ఆమెకు ఇష్టం లేకపోతే ఈ ప్రమాణం నుంచి నీకు విడుదల అని అబ్రాహాము చెప్పాడు (24:5, 8). అంటే, ఆ సంబంధం మొదలయ్యే ముందే "కాదు" అనడానికి ఆమెకు దారి వదిలారు. లాబాను, బెతూయేలు ఒప్పుకున్నారు, కానుకలు ఇచ్చారు, భోజనాలు అయ్యాయి. అంతా అయ్యాక కూడా ఇంటివాళ్ళు అమ్మాయిని పిలిచి, ఈ మనిషితో వెళ్తావా అని అడిగారు. వెళ్తానని ఆమె తన నోటితో చెప్పింది (24:57, 58).

కుదిర్చిన పెళ్ళే. కానీ అడిగి చేసిన పెళ్ళి. 67వ వచనం దగ్గరికి 58వ వచనం మీదుగానే వెళ్ళాలి.

తర్వాతి జీవితం కూడా చూడాలి. పెళ్ళి నాటికి ఇస్సాకుకు 40 ఏళ్ళు, కవలలు పుట్టేనాటికి 60 ఏళ్ళు (25:20, 26). నడుమ 20 సంవత్సరాలు ఆ ఇంట్లో బిడ్డ లేదు. ఆ కాలంలో వేరే భార్యను తెచ్చుకోవడం వింత కాదు. ఇస్సాకు ఆ పని చేయలేదు. భార్య కోసం యెహోవాను వేడుకున్నాడు (25:21). ప్రేమ అనే మాటకు అర్థం అక్కడ కనిపిస్తుంది. అదే ఇస్సాకు గెరారులో ప్రాణభయంతో ఆమెను చెల్లెలని చెప్పాడు. ముసలితనంలో ఒకరు ఏశావును, ఒకరు యాకోబును వెనకేసుకొచ్చి ఇల్లు రెండుగా చీలింది. లేఖనం ఈ జంటను బొమ్మలా అలంకరించి చూపలేదు. ప్రేమ పుట్టిందని చెప్పింది, దాన్ని కాపాడుకోవడంలో ఎక్కడ జారారో కూడా చెప్పింది.

రచయితలు పాతకాలాన్నే ఎందుకు ఎంచుకుంటారు?

ఈ రోజుల్లో జరిగే కథ రాస్తే పాఠకురాలు వెంటనే అడిగే ప్రశ్న ఒకటి ఉంటుంది: నచ్చకపోతే ఆమె ఎందుకు ఒప్పుకుంది, తర్వాతైనా ఎందుకు వెళ్ళిపోలేదు? రెండు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లండులో ఆ ప్రశ్నకు జవాబు చట్టంలోనే ఉంది.

1753లో అక్కడి పార్లమెంటు చేసిన వివాహ చట్టాన్ని హార్డ్‌విక్ చట్టం అంటారు. దాని ప్రకారం మూడు ఆదివారాలు గుడిలో పెళ్ళి ప్రకటన చదవాలి, లేదా లైసెన్సు తీసుకోవాలి. మన సంఘాల్లో చాలాచోట్ల పెళ్ళికి ముందు ఆరాధనలో చదివే ప్రకటనలు కూడా ఆ పాత ఆచారం నుంచి వచ్చినవే. లైసెన్సు మీద పెళ్ళి చేసుకోవాలంటే 21 ఏళ్ళు నిండనివారికి తండ్రి లేక సంరక్షకుడి అనుమతి కావాలి. పెళ్ళయ్యాక భార్య చేతిలోని డబ్బు, నగలు, సామాను భర్త సొత్తు అయ్యేవి. భార్యకు తన ఆస్తిని తన పేరనే ఉంచుకునే పూర్తి హక్కు 1882 చట్టంతో గానీ రాలేదు. 1857కి ముందు విడాకులు తీసుకుని మళ్ళీ పెళ్ళాడాలంటే పార్లమెంటులో ప్రత్యేకంగా ఒక చట్టం చేయించుకోవాలి. అది ధనవంతుల్లోనూ కొద్దిమందికే సాధ్యమైంది.

తలుపు మూసేశాక కథ మొదలవుతుంది. ఇద్దరికీ బయటికి దారి లేదు. ఆ నాలుగు గోడల మధ్య ఒకరితో ఒకరు ఎలా మసలుకుంటారన్నదే నవల. ఈ బిగువు కోసమే రచయితలు పాతకాలానికి వెళ్తారు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ చట్టాలు స్త్రీకి మేలు చేసినవి కావు. కథలో అందంగా కనిపించే ఆ మూసిన తలుపు వెనుక నిజ జీవితంలో నలిగిపోయినవాళ్ళు ఎందరో. మన తెలుగునాట ఆ బాధ ఎలాంటిదో గురజాడ 'కన్యాశుల్కం' చూపించింది. పసిపిల్లలను డబ్బుకు ముసలివాళ్ళకు కట్టబెట్టిన ఆచారం మీద ఆ నాటకం 1892లో ప్రదర్శనకు వచ్చింది. పెద్దలు కుదిర్చిన పెళ్ళి అన్న ఒక్క మాటలో రిబ్కా పెళ్ళీ ఉంది, కన్యాశుల్కం పెళ్ళీ ఉంది. రెండిటినీ ఒకే గాటన కట్టకూడదు.

తిరిగి వెళ్ళే దారి ఖర్చు ఇస్తానన్న భర్త

క్రైస్తవ పాఠకుల్లో ఈ తరహా కథలకు దారి వేసిన పుస్తకం కెనడా రచయిత్రి జెనెట్ ఓక్ రాసిన 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ'. 1979లో వచ్చింది. ఆమె ఆల్బర్టా రాష్ట్రంలో పుట్టి పెరిగారు, బైబిలు కాలేజీలో చదివారు, ఆమె భర్త కూడా పరిచర్యలో ఉన్నవారు. ఈ పుస్తకానికి వచ్చిన ఆదరణ చూశాకే క్రైస్తవ ప్రచురణకర్తలు ఇలాంటి నవలలను వరుసగా తేవడం మొదలుపెట్టారు. 2003లో ఇది టీవీ సినిమాగా కూడా వచ్చింది.

కథ అమెరికా పడమటి మైదానాల్లో జరుగుతుంది. మార్టీ అనే యువతి భర్తతో కలిసి గూడు బండిలో కొత్త భూములు వెతుక్కుంటూ వచ్చింది. అంతలోనే భర్త చనిపోయాడు. ఆమె గర్భవతి. చేతిలో డబ్బు లేదు, తెలిసినవాళ్ళు లేరు, చలికాలం ముంచుకొస్తోంది. భర్తను పాతిపెట్టిన రోజునే క్లార్క్ డేవిస్ అనే రైతు వచ్చి పెళ్ళి మాట ఎత్తాడు. అతని భార్య చనిపోయింది, మిస్సీ అనే చిన్న కూతురు ఉంది. ఆ పాపకు తల్లి కావాలి, ఈమెకు తలదాచుకునే చోటు కావాలి. ఆ ప్రాంతాల్లో పాస్టరు గుర్రం మీద ఊరూరా తిరుగుతూ ఎప్పుడో ఒకసారి వస్తాడు. ఇప్పుడు వచ్చి ఉన్నాడు, వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పుడో. అందుకే ఆ తొందర.

మామూలుగా చూస్తే ఇది ఎంత కఠినమైన సంబంధమో! కానీ క్లార్క్ ఒక మాట కలుపుతాడు. వసంతకాలంలో తూర్పుకు వెళ్ళే బండ్ల గుంపు వచ్చినప్పుడు, ఆమెకు ఇక్కడ ఉండాలని లేకపోతే, ప్రయాణ ఖర్చు తానే పెట్టుకుంటానంటాడు. అంతవరకు ఇల్లు ఆమెది. తాను ఇంటికి ఆనుకుని ఉన్న చిన్న గదిలో పడుకుంటాడు. భర్తననే హక్కుతో ఆమె మీద చెయ్యి వెయ్యడు.

ఆ నవలంతా ఈ ఒక్క మాట మీద నిలబడి ఉంది. చట్టం మూసేసిన తలుపును క్లార్క్ తన చేతులతో తెరిచి ఉంచాడు. అతని మంచితనం అంతా అందులో ఉంది. మార్టీ చివరికి ఉండిపోతుంది. వెళ్ళే వీలుండి ఉండిపోయింది కాబట్టే ఆమె నిర్ణయానికి విలువ వచ్చింది.

నడుమ జరిగేవన్నీ చిన్న చిన్న పనులే. మార్టీకి సరిగ్గా వంట రాదు. రోజుల తరబడి మన అట్ల లాంటి పాన్‌కేకులే వేస్తుంది. అతను గొణగకుండా తింటాడు. పాప మొదట దగ్గరికి రాదు. పొరుగింటి పెద్దావిడ మా గ్రాహమ్ వచ్చి ఇంటి పనులు నేర్పుతుంది. ఆవిడ కూడా భర్త పోయాక, భార్య పోయిన వ్యక్తిని పిల్లల కోసం చేసుకున్నదే. తన అనుభవం నుంచి మార్టీకి ధైర్యం చెబుతుంది. క్లార్క్ భోజనానికి ముందు ప్రార్థన చేస్తాడు, బైబిలు చదువుతాడు. మార్టీ మీద రుద్దడు. ఆమె విశ్వాసం కూడా ప్రేమలాగే మెల్లగా, ఆ బల్ల దగ్గరే మొదలవుతుంది. చనిపోయిన మొదటి భర్త కోసం ఆమె ఏడ్చినప్పుడు అతను అసూయపడడు. తనకూ అలాంటి సమాధి ఒకటి ఉంది కదా.

ఈ కథలో క్రైస్తవ నవలకు ఉండే ఒక బలహీనత కూడా ఉంది. క్లార్క్‌లో లోపం వెతికినా దొరకదు. అలాంటి భర్త ఎదురుగా ఉంటే ప్రేమ పుట్టడం కష్టం కాదు. కాబట్టి ఈ పుస్తకాన్ని చదివే భర్తలు "ఆమెలా నా భార్య మారాలి" అనుకోవడం కంటే, "అతనిలా నేను ఉన్నానా" అని చూసుకోవడం మంచిది.

కట్నంతో మొదలైన కాపురం

రెండో కథ మన సమాజానికి ఇంకా దగ్గరగా ఉంటుంది. జార్జెట్ హేయర్ ఇంగ్లండుకు చెందిన రచయిత్రి. 1902 నుంచి 1974 వరకు జీవించారు. 19వ శతాబ్దం మొదటి సంవత్సరాల నేపథ్యంలో ఆమె రాసిన నవలలే ఈ రకం సాహిత్యానికి ఒక రూపం ఇచ్చాయి. ఆమె 'ఎ సివిల్ కాంట్రాక్ట్' 1961లో వచ్చింది. మన దేశంలో వరకట్న నిషేధ చట్టం వచ్చిన సంవత్సరమూ అదే కావడం యాదృచ్ఛికమే. కానీ ఆ నవల విషయం మాత్రం దాదాపు అదే.

1814. ఆడమ్ డెవరిల్ స్పెయిన్ వైపు యుద్ధంలో ఉన్న సైనికాధికారి. తండ్రి హఠాత్తుగా చనిపోవడంతో ఇంటికొస్తాడు. వంశపారంపర్యంగా వచ్చిన ఎస్టేటు అప్పుల్లో మునిగి ఉంది. తల్లి ఉంది, చెల్లెళ్ళు ఉన్నారు. తాను ప్రేమించిన జూలియాను చేసుకునే స్తోమత లేదు. అప్పుడు జొనాథన్ చాలీ అనే కోటీశ్వరుడైన వర్తకుడి సంబంధం వస్తుంది. అతనికి డబ్బు ఉంది, హోదా లేదు. కూతురు జెన్నీని పెద్దింటి కోడలిగా చూడాలని అతని కోరిక. అమ్మాయి తండ్రి డబ్బు, అబ్బాయి వంశం పేరు. ఇలాంటి బేరం మనవాళ్ళకు ఎవరూ వివరించనక్కర్లేదు.

జెన్నీ అందగత్తె కాదు. జూలియాతో కలిసి చదువుకున్న అమ్మాయి. ఆడమ్ మనసు ఎక్కడుందో ఆమెకు ముందే తెలుసు. అయినా ఒప్పుకుంది. ఎందుకంటే అతనికి చెప్పకపోయినా, ఆమె అతన్ని ముందునుంచీ ఇష్టపడింది.

రచయిత్రి ఇక్కడ తొందరపడలేదు. మామగారు మంచివాడే, కానీ గొంతు పెద్దది. అడగకుండానే ఖరీదైన వస్తువులు కొనిపెడతాడు, ఇల్లంతా తన అభిరుచితో నింపేస్తాడు. ప్రతి కానుకా అల్లుడికి ముల్లులా గుచ్చుకుంటుంది. కట్నం పుచ్చుకున్న ఇంట్లో అల్లుడు గర్వంగా తిరుగుతాడని మనం అనుకుంటాం. హేయర్ దాని రెండో ముఖం చూపించారు. డబ్బుతో మొదలైన బంధంలో తీసుకున్నవాడికి కూడా తల ఎత్తుకోవడం కష్టమే. అతని కోపం మామగారి మీద, దాని సెగ తగిలేది జెన్నీకి.

ఆమె ఏం చేసింది? పెద్ద త్యాగాలేమీ కాదు. అతనికి ఏది ఇష్టమో చూసుకుంది. ఇల్లు ప్రశాంతంగా ఉంచింది. తన తండ్రికీ భర్తకూ మధ్య గోడ పెరగకుండా చూసింది. అతను పొలాల గురించి మాట్లాడితే శ్రద్ధగా విన్నది. ఆడమ్ కూడా ఒక నియమం పాటించాడు. మనసులో జూలియా ఉన్నా భార్యను అవమానించలేదు, ఆమెతో మర్యాద తప్పలేదు. మొదట అది మర్యాదే, ప్రేమ కాదు. ఆ మర్యాద ఏడాది పాటు నిలబడ్డాక దాని కింద వేళ్ళు పుట్టాయి.

1815లో వాటర్లూ యుద్ధం వచ్చింది. ఇంగ్లండు ఓడిపోయిందన్న పుకార్లతో లండన్‌లో అందరూ ప్రభుత్వ ఋణపత్రాలు అమ్మేసుకుంటుంటే, తన సేనాధిపతి మీద నమ్మకంతో ఆడమ్ మామగారి సలహాకు విరుద్ధంగా కొన్నాడు. గెలిచిన వార్త వచ్చాక ఆ లాభంతో సొంత కాళ్ళ మీద నిలబడ్డాడు. అప్పుడు గానీ భార్యను, ఆమె తండ్రి డబ్బుతో కలపకుండా, ఆమెను ఆమెగా చూడడం పూర్తిగా సాధ్యం కాలేదు. అప్పటికి వాళ్ళకు ఒక కొడుకు. జూలియా మరొకరి భార్య.

ముగింపులో ఉప్పొంగే ప్రేమ లేదు. జూలియాను ప్రేమించినట్టు ఆడమ్ జెన్నీని ప్రేమించలేదని జెన్నీకి తెలుసు. వేరే రకంగా ప్రేమించాడు. ఆ రకం ఎక్కువ కాలం నిలుస్తుందని ఆమె గ్రహించింది. ఈ ముగింపు చాలామంది పాఠకులకు నచ్చలేదు, ఇంకా చాలామందికి ఇదే ఆమె నవలల్లో అన్నిటికంటే నిజమైనదిగా అనిపించింది. పాతికేళ్ళు కాపురం చేసినవారు ఏ పక్షాన ఉంటారో ఊహించడం కష్టం కాదు.

ప్రేమకు చోటిచ్చేవి ఏవి?

ఈ మూడు కథలనూ పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని విషయాలు అన్నిటిలోనూ ఉన్నాయి.

మొదటిది ఇష్టం అడగడం. రిబ్కాను అడిగారు. మార్టీకి తిరిగి వెళ్ళే దారి ఉంచారు. జెన్నీ తెలిసి ఒప్పుకుంది. ప్రేమ పుట్టకపోయినా పెళ్ళి కావచ్చు, కానీ ఇష్టాన్ని అణచేసిన చోట ప్రేమ పుట్టడం చాలా కష్టం.

రెండోది దాపరికం లేకపోవడం. మార్టీ దుఃఖం క్లార్క్‌కు తెలుసు. ఆడమ్ మనసు జెన్నీకి తెలుసు. ఉద్యోగం, ఆరోగ్యం, అప్పు, మొదటి పెళ్ళి, తాగుడు అలవాటు దాచి చేసిన పెళ్ళిళ్ళలో ఈ పునాదే ఉండదు.

మూడోది మర్యాద. ప్రేమ రాకముందు ఇంట్లో ఏం ఉండాలన్న ప్రశ్నకు ఇదే జవాబు. మొదటి కొరింథీయులకు 13వ అధ్యాయంలో పౌలు ప్రేమను వర్ణించినప్పుడు మనసులో కలిగే తీపి గురించి చెప్పలేదు. ఓర్చుకోవడం, దయ చూపడం, అమర్యాదగా నడవకపోవడం, త్వరగా కోపపడకపోవడం వంటి పనులు చెప్పాడు. ఇవన్నీ ప్రేమ అనే భావం ఇంకా పుట్టనివారు కూడా చేయగలిగినవే. మంచి నవలల్లో భార్యాభర్తలు ముందు వీటిని చేస్తారు, భావం వెనక వస్తుంది.

నాలుగోది కలిసి చేసే పని. పొయ్యి, పశువులు, పొలం, పాప జ్వరం. ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నందువల్ల కాదు, ఇద్దరూ ఒకే బరువు మోసినందువల్ల వీళ్ళు దగ్గరయ్యారు.

ఐదోది సమయం. మార్టీకి ఒక చలికాలం పట్టింది, జెన్నీకి ఏడాదికి పైగా. పెళ్ళయిన మూడో నెలకే "ఇంకా ఏమీ లేదా, ఇద్దరూ బాగున్నారా" అని ఆరా తీసే బంధువులు ఈ పుస్తకాలు చదివితే బాగుండును.

పుట్టని చోట

ప్రేమ పుట్టని పెళ్ళి కూడా లేఖనంలో ఉంది. లాబాను తన పెద్ద కూతురు లేయాను చీకట్లో యాకోబుకు అంటగట్టాడు. యాకోబును మోసం చేశాడు. లేయాను ఇష్టమేమిటని అడిగినట్టు ఎక్కడా లేదు. ఆమె బిడ్డకు పేరు పెట్టిన ప్రతిసారీ, ఇకనైనా భర్త నన్ను ప్రేమిస్తాడేమో, నన్ను హత్తుకుంటాడేమో అని ఆశపడింది (29:32–34). రూబేను, షిమ్యోను, లేవి. ముగ్గురు కొడుకుల పేర్లలో ఒకే కన్నీరు. యెహోవా ఆమెను చూశాడని వాక్యం చెబుతోంది, కానీ తండ్రి చేసిన తప్పును ఒప్పు అనలేదు. పెళ్ళయితే ప్రేమ అదే వస్తుంది అనే ముందు లేయాను కూడా తలచుకోవాలి.

తెలుగు చారిత్రక నవలల్లో విశ్వనాథ సత్యనారాయణ గారి 'ఏకవీర' ఈ పక్షాన నిలుస్తుంది. మధుర నాయకరాజుల కాలం. ఇద్దరు ప్రాణస్నేహితులు. ఒకడు ప్రేమించిన అమ్మాయికి మరొకడితో పెళ్ళవుతుంది. నలుగురూ మంచివాళ్ళే, ఎవరూ దుర్మార్గులు కారు. అయినా కథ విషాదంగానే ముగుస్తుంది. 1969లో ఇది సినిమాగా వచ్చినప్పుడు మన పెద్దలు చూసి ఉంటారు. నలుగురి మనసుల్లో ఏముందో పెళ్ళికి ముందు అడిగి తెలుసుకున్నవారు లేకపోవడమే ఆ కథలోని నొప్పి.

క్రైస్తవ నవలల్లోనూ జాగ్రత్తగా చదవవలసినవి ఉన్నాయి. ఫ్రాన్సిన్ రివర్స్ 1991లో రాసిన 'రిడీమింగ్ లవ్' హోషేయ, గోమెరుల కథను 1850 నాటి కాలిఫోర్నియాకు తీసుకువెళ్ళింది. విడిచిపెట్టని ప్రేమను అది బలంగా చూపిస్తుంది, ఎందరినో కదిలించింది. అయితే అందులో ఏంజెల్ పెళ్ళికి ఊఁ అన్నది దెబ్బలు తిని సగం స్పృహలో ఉన్నప్పుడు. దేవునికీ ఆయన ప్రజలకూ మధ్య సంబంధానికి పోలికగా హోషేయ కథ ఇచ్చారు. దాన్ని అలాగే తీసుకుని, స్పృహలో లేని మనిషి మాటను ఒప్పుదలగా లెక్కపెట్టవచ్చని మనం నేర్చుకోకూడదు.

అసలు విషయం ఏమిటంటే, నవలలో కలం రచయిత్రి చేతిలో ఉంటుంది. భర్త మంచివాడని ఆమెకు మొదటి పేజీలోనే తెలుసు, పాఠకురాలికీ తెలుసు. మన అమ్మాయికి ఆ హామీ ఎవరూ ఇవ్వలేదు. క్లార్క్ లాంటి మనిషి ఉన్న ఇంట్లో ఓర్పు ఫలిస్తుంది. రోజూ చెయ్యి చేసుకునే మనిషి ఉన్న ఇంట్లో "ఓర్చుకో తల్లీ, ప్రేమ వస్తుంది" అనడం ఆమెను ప్రమాదంలోకి నెట్టడమే. గృహహింస నుంచి రక్షణకు 2005లో చట్టం ఉంది, 181 నంబరు ఉంది. సంఘ పెద్దలు ఈ రెండూ తెలిసి ఉండాలి, అవసరమైనప్పుడు చెప్పడానికి వెనుకాడకూడదు.

మన సంఘాల్లో

పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళు మన మధ్య ఇంకా ఎక్కువే. అందులో సిగ్గుపడవలసింది లేదు. పిల్లల మేలు కోరి కుటుంబం, సంఘం కలిసి ప్రార్థించి వెతికిన సంబంధాల్లో చక్కటి కాపురాలు ఎన్నో ఉన్నాయి. ఆ దారిని మరింత న్యాయంగా చేసుకోవడానికి ఈ కథలు సాయపడతాయి.

తల్లిదండ్రులు సంబంధం చూశాక, మాటలు పూర్తికాకముందే, బంధువులు లేనప్పుడు బిడ్డను కూర్చోబెట్టి అడగాలి. అబ్బాయిని కూడా అడగాలి. "వద్దు" అంటే ఇంట్లో తుఫాను రాదని ముందే చెప్పి అడగాలి. కాదనే వీలు లేని చోట అవునన్న మాటకు బరువు ఉండదు.

కట్నం మాట వచ్చినప్పుడు ఆడమ్‌ను గుర్తుచేసుకోండి. డబ్బు తీసుకోవడం చట్టప్రకారం నేరం. దానికి మించి, ఆ డబ్బు భార్యాభర్తల మధ్యకు వచ్చి కూర్చుంటుంది. అది లేచి వెళ్ళేదాకా ప్రేమకు చోటు దొరకదు. అది ఎన్నేళ్ళకు లేస్తుందో చెప్పలేం.

కాపరులు వివాహ ఆరాధనలో వధూవరులిద్దరినీ పేరు పెట్టి పిలిచి, ఈమెను భార్యగా, ఇతన్ని భర్తగా అంగీకరిస్తున్నావా అని అడుగుతారు. ఆ ప్రశ్న పద్ధతి కోసం పెట్టింది కాదు. రిబ్కాను ఇంటివాళ్ళు అడిగిన ప్రశ్నే అది. పెళ్ళికి కొన్ని వారాల ముందే కాపరి ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడితే, ఆ రోజు పుల్పిట్ ముందు వచ్చే జవాబు నిజమైన జవాబు అవుతుంది. పెళ్ళయిన మొదటి ఏడాది ఆ ఇంటికి రెండు మూడుసార్లు వెళ్ళి పలకరించే మా గ్రాహమ్ లాంటి పెద్దావిడ ప్రతి సంఘంలోనూ ఒకరు ఉండాలి.

కొత్తగా పెళ్ళయి, ఇంకా పరాయితనం పోని దంపతులకు ఒక మాట. నవలల్లో చదివినట్టు, సినిమాల్లో చూసినట్టు మీ మనసు ఇంకా పొంగకపోతే మీ పెళ్ళి తప్పయిందని అనుకోకండి. ఈ రోజు చేయగలిగింది చేయండి. ఆమె అలసిపోతే గిన్నెలు కడగండి. అతను ఆలస్యంగా వస్తే ముందు అన్నం పెట్టి తర్వాత అడగండి. ఒకరి తల్లిదండ్రుల గురించి మరొకరు తేలికగా మాట్లాడకండి. రాత్రి కలిసి ఐదు నిమిషాలు ప్రార్థించండి. భయం ఉంటే, దెబ్బ ఉంటే, దాచుకోకుండా నమ్మదగినవారికి చెప్పండి.

ఇస్సాకు ఆ సాయంత్రం పొలంలో ధ్యానించుకుంటూ తల ఎత్తి చూస్తే ఒంటెలు వస్తున్నాయి. ఆ వచ్చే స్త్రీ ఎవరో అతనికి తెలియదు. ఆమె మాత్రం తన నోటితో "వెళ్తాను" అని చెప్పి వచ్చింది. మన ఇంటికి వచ్చే ప్రతి కోడలూ, మన ఇంటి నుంచి వెళ్ళే ప్రతి కూతురూ అలా చెప్పి వచ్చేలా, చెప్పి వెళ్ళేలా చూడడం మన బాధ్యత. తర్వాత ప్రేమను పెంచేవాడు దేవుడు. ఆయన పెంచడానికి చోటివ్వవలసినది మనం.